ఏడో ప్లేటు అంచు

ఫిబ్రవరి పన్నెండు, గురువారం. ఆ మధ్యాహ్నం నేను తిన్నది రెండు ఉడికించిన గుడ్లు, మిరియాల పొడి చల్లిన బంగాళాదుంప ముక్కలు, ఒక నారింజ. నారింజ ఆఖరి తొన నోట్లో ఉండగా బల్ల మీద ఫోన్ మోగింది. పై అంతస్తు నుంచి ప్రొఫెసర్.

"సూదిమాస్టారూ, పుస్తకం ప్రూఫులొచ్చేశాయి. ఒక్కసారి పైకి రండి. ఏడో ప్లేటు చూస్తే మీకు కళ్ళ నీళ్ళొస్తాయి."

నా భార్య గీసిన బొమ్మ చూసి నాకు కన్నీళ్ళు రావాలో అక్కర్లేదో చెప్పడానికి ఈయనెవరు అనుకున్నాను. అనుకుని, తొన మింగి, "వస్తున్నాను సార్" అన్నాను.

నేను రిటైరై ఆరేళ్ళయింది. అయినా మ్యూజియం వాళ్ళు నేలమాళిగలో నా బల్లనీ, కుర్చీనీ, దీపాన్నీ కదల్చలేదు. ఉంచుకోమని ఎవరూ చెప్పలేదు, తీసెయ్యమనీ అనలేదు. బల్బు మాడిపోతే మర్నాటికి కొత్తది వెలుగుతూ ఉంటుంది. ఇలాంటి చిన్న చిన్న దయల మీద నాలాంటివాడి రోజులు బాగానే వెళ్ళిపోతాయి.

రాతిలోంచి ఎముకను విడదీయడం నా పని. ముప్ఫై నాలుగేళ్ళు అదే చేశాను. మొదట గాలితో నడిచే సన్న ఉలి, తర్వాత సూది, చివర్లో మెత్తటి బ్రష్షు. ఎక్కువ కాలం సూదితోనే గడిచింది కాబట్టి సూదిమాస్టారు అన్నారు. నా భార్య అదే మ్యూజియంలో చిత్రకారిణి. నేను బయటికి తీసిన ఎముకను ఆమె కాగితం మీద నల్ల సిరాతో చుక్కలు పెట్టి గీసేది. ఒక్కో బొమ్మకు పది పన్నెండు వేల చుక్కలు. ఆ ఎముక ఆ జంతువుకు దేనికి పనికొచ్చేదో చెప్పడం ప్రొఫెసర్ పని. ముగ్గురి పనుల్లో పేరొచ్చేది ఆ ఒక్కటే. దాని మీద నాకే ఫిర్యాదూ లేదు.

నా బాధ వేరు. ఆమె బల్ల రెండో అంతస్తులో, కిటికీ పక్కన ఉండేది. ఎదురుగా ఆయన బల్ల. రోజంతా వాళ్ళిద్దరూ వాదించుకునేవాళ్ళు. ఈ పన్ను నమలడానికా చీల్చడానికా, ఈ రంధ్రం చెవిదా నరానిదా అని. కింద నేను ఉలి ఆపినప్పుడల్లా ఆమె నవ్వు మెట్ల దారిలో రెండంతస్తులూ దిగి వచ్చేది. ఇంటికొచ్చాక ఆమె నెమ్మది మనిషి. ముప్ఫై ఏళ్ళ కాపురంలో నాతో ఒక్కసారి కూడా గొంతు పెంచి వాదించలేదు. వినేవాళ్ళకు అది అదృష్టంగా ఉంటుంది. నాకు మాత్రం, ఆమె మాటలన్నీ పైన ఖర్చుపెట్టేసి మౌనాన్ని మాత్రం నాకోసం ఇంటికి తెస్తోందనిపించేది. పైగా ఆమెకు 'చుక్కలమ్మ' అని పేరు పెట్టింది ఆయనే. మ్యూజియమంతా అలాగే పిలిచేది. పెళ్ళి చేసుకున్నవాణ్ణి నేను, ముద్దుపేరు పెట్టినవాడు ఇంకొకడు.

వాళ్ళ మధ్య తప్పేదో ఉందని నేననను. లేదని అప్పుడూ తెలుసు, ఇప్పుడూ తెలుసు. తెలిసినంత మాత్రాన కడుపులో మంట ఆరుతుందా.

ఇప్పుడు ఏడో ప్లేటులో ఉన్న పుర్రె సంగతి చెప్పాలి. ఇరవై రెండేళ్ళ కిందట ఒక క్వారీలో దొరికింది. గడ్డీ ఆకూ తినే రాక్షసబల్లి. నడినెత్తి నుంచి వెనక్కి, తలుపు రెక్కంత వెడల్పున పలకలాంటి ఎముక లేచి ఉండేది. శిఖ అనేవాళ్ళం. శిఖ దేనికి? పోట్లాటకా, ఒంట్లో వేడి తగ్గించుకోవడానికా, తోడును ఆకర్షించడానికా? ప్రొఫెసర్ మొదటిరోజు నుంచీ పోట్లాటకే అన్నారు. రెండు మగవి తలలు ఆనించి నెట్టుకునేవని ఆయన వాదం. ఆమె వప్పుకునేది కాదు. శిఖ ముందువైపు పరీక్షిస్తే తేలేది గాని, ఆ వైపు ఇంకా రాయి కప్పే ఉంది.

మూడేళ్ళ పనిలో ఆఖరి నాలుగు నెలలు నేను గీకింది ఆ ముందువైపే. ఆ సమయానికి ప్రొఫెసర్ తవ్వకాలకు వేరే చోటికి వెళ్ళారు. నా భార్య ఆ భాగాన్ని దగ్గరగా చూసి గీసింది. అదే ఏడో ప్లేటు. ఆయన ఇంకా తవ్వకాల్లో ఉండగానే పుర్రె యజమానులు, ఆ క్వారీ కంపెనీవాళ్ళు, దాన్ని పెట్టెలో పెట్టించి సముద్రం దాటించేశారు. తీసిన ఫోటోల రీళ్ళు నీటి పైపు పగిలి పాడైపోయాయి. పుర్రె మీద గ్రంథం వేయడానికి నిధుల్లేవన్నారు. ప్రొఫెసర్ బొమ్మలు చూడకుండానే, తవ్వకాల నుంచి అటే ఇంకో ఊరి యూనివర్సిటీకి వెళ్ళిపోయారు. ఆయన సామాను లారీ గేటు దాటిన రోజున నేను హాయిగా నిద్రపోయాను. బొమ్మలన్నీ మా ఇంట్లో రేకు పెట్టెలో ఉండిపోయాయి.

నాలుగేళ్ళ కిందట ఆమె పోయింది. నిరుడు ప్రొఫెసర్ రిటైరై ఈ ఊరికే తిరిగొచ్చారు, గ్రంథం అచ్చువేస్తామనే ప్రెస్సును వెంటబెట్టుకుని. మ్యూజియం వాళ్ళు ఆయన పాత బల్లనే మళ్ళీ ఇచ్చారు. నా దగ్గరికొచ్చి చుక్కలమ్మ బొమ్మలు ఇవ్వమని అడిగారు. ఇవ్వనని అనలేను. ఇవ్వాలని లేదు. "పాత కాగితాలు సార్, చేతులు మారితే చిరిగిపోతాయి. నేనే స్కాన్ చేసి కాపీలిస్తాను" అన్నాను.

స్కాన్ చేయడానికి పెట్టె తెరిచినప్పుడే మొదటిసారి చూశాను. తొమ్మిది బొమ్మల అంచుల్లో సన్నటి పెన్సిల్ రాత. ప్రతిదీ "సార్," అని మొదలవుతోంది. ఆయన ఊళ్ళో లేని నాలుగు నెలల్లో ఆయన కోసం రాసిపెట్టుకున్నది. ఏడో ప్లేటు మీది రాత చివరి మాట నా కంటబడింది: "మీరు రాగానే వాదిద్దాం."

మిగతాది చదవలేదు. ఆ రెండు మూడు మాటలే చాలు అనిపించింది. తెల్ల కాగితం పట్టీలు కత్తిరించి, అంచులన్నీ, సంతకాలతో సహా కప్పేసి, ఒక్కొక్కటే స్కానర్ మీద బోర్లించాను. కాపీల వెనక అంకెలు వేసి ఆయనకిచ్చాను. నా భార్య ఆయనకు రాసుకున్న ఉత్తరాలను ఆయనకు అందకుండా చేశాను. సిగ్గుపడాల్సిన పని. చేస్తున్నప్పుడు మాత్రం ఇల్లు తాళం వేసుకుంటున్నట్టే అనిపించింది.

సరే, ఆ గురువారం పైకి వెళ్ళాను. ప్రొఫెసర్ నన్ను చూసి లేచి నిలబడ్డారు. బల్ల దీపం నా ఆపరేషన్ అయిన కంటికి కొట్టకుండా పక్కకు తిప్పారు. ఆయన ఇలాంటివన్నీ గుర్తుపెట్టుకుంటారు. నాకు ఆయనతో అదే చిక్కు, చెడ్డవాడైతే ఎంత సులువుగా ఉండేదో.

"కూర్చోండి మాస్టారూ. ఇరవై రెండేళ్ళు నేను గాల్లో మాట్లాడాననుకున్నారు అంతా. ఇదిగో చూడండి చుక్కలమ్మ సాక్ష్యం." ఏడో ప్లేటు ప్రూఫు నా ముందు పెట్టారు. "బొడిపెలు! శిఖ ముందువైపంతా బొడిపెలు. ఒక్కోదాని మీదా దళసరి కొమ్ము పెంకు ఉండి ఉంటుంది. ఎదుటివాడి తల జారిపోకుండా పట్టు. పోట్లాటకు కాకపోతే ఇంకెందుకు ఇవి?"

నేను చూశాను. మా పనిలో ఒక కట్టుబాటు ఉంది. గది కిటికీ ఎటున్నా సరే, శాస్త్రానికి గీసే బొమ్మలో వెలుగు ఎడమవైపు పైమూల నుంచే పడాలి. లోకమంతటా అంతే. కాబట్టి గుండ్రటి మచ్చకు పైఅంచున నీడ ఉంటే అది గుంట, కింది అంచున నీడ ఉంటే బొడిపె. చూసేవాడు ఆలోచించక్కర్లేదు, కంటికే తెలిసిపోతుంది. ప్రూఫులో నీడలన్నీ కింది అంచున ఉన్నాయి. బొడిపెలే.

కానీ అవి గుంటలు. నలభై ఒక్కటి. ఒక్కో గుంటలోంచి ఎర్రమట్టి రాయిని సూదితో తీయడానికి నాకొక ఉదయం పట్టేది. వాటి నుంచి వెంట్రుకంత సన్నటి గాళ్ళు, కాలువల్లా, పక్కలకు పాకేవి. నా చూపుడువేలికి ఇప్పటికీ ఆ లోతు గుర్తుంది.

"ఏమంటారు?" అన్నారు ప్రొఫెసర్.

"బొమ్మ బాగుంది సార్."

"బాగుందేమిటండీ! ఈ అధ్యాయం ఆమెకే అంకితం. రేపు సాయంత్రం ఆరింటికి ప్రెస్సు మనిషి వచ్చి పట్టుకెళ్తాడు. అచ్చయ్యాక మొదటి ప్రతి మీకే."

మెట్లు దిగుతుంటే నా చెవులు వేడెక్కాయి. ఆమె గుంటల్ని చూసింది. నా బల్ల పక్కనే స్టూలు వేసుకుని రోజుల తరబడి చూసింది. చూసి, కాగితం మీద బొడిపెలు గీసింది. ఎందుకు? దానికి నాకు తోచిన జవాబు ఒక్కటే. ఆయన బొడిపెలు కావాలన్నారు కాబట్టి. ఆయన గెలవాలని ఆమెకు అనిపించింది కాబట్టి. నా నాలుగు నెలల సూదిపనిని ఆయన ముచ్చట కోసం తిరగేసింది. ఒక్క అబద్ధపు చుక్క పెట్టని మనిషి, ఆయన కోసం పన్నెండు వేలు పెట్టింది.

ఇంటికి వెళ్ళే బస్సులో డ్రైవరు నేను కూర్చునేదాకా ఆగి కదిలించాడు. అంత కోపంలోనూ అది గమనించాను.

గురువారాలు సాయంత్రం మా మరదలు వస్తుంది, నా భార్య చెల్లెలు. కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబులో ఇరవై ఐదేళ్ళుగా పని. చేతిలో సంచి, నోట్లో వేళాకోళం లేకుండా రాదు.

"ఏం బావగారూ, మొహం అలా ఉంది? డాక్టరేమైనా అన్నాడా?"

"ఏం లేదు. కూర్చో."

"ఏం లేని మొహం నాకు తెలుసు. ఇది అది కాదు."

టీ కలిపాను. వంటింటి బల్లకు నేనొక వైపు, తనొక వైపు కూర్చున్నాం. ప్రొఫెసర్ ఇచ్చి పంపిన ఏడో ప్లేటు ప్రూఫు నకలును ఇద్దరి మధ్యా పరిచాను.

"మీ అక్క గీసిందే. చూడు ఈ బొడిపెలు."

తను టీ చప్పరిస్తూ తొంగి చూసింది. "ఏవీ బొడిపెలు?"

"ఇవే."

"గుంటలు కదా బావగారూ ఇవి?"

"గుంటలు అని నాకూ తెలుసు. మీ అక్కే బొడిపెలుగా గీసింది."

"అక్క గుంటలుగానే గీసింది. మీ కంటికి ఆపరేషన్ చేసినవాడు డబ్బులు వెనక్కివ్వాలి."

"అమ్మాయ్, నేను ముప్ఫై నాలుగేళ్ళు ఈ పని చేశాను."

"నేను ఇరవై ఐదేళ్ళుగా పళ్ళ సందులు చూస్తున్నా. పన్నేదో గుంటేదో నాకు చెప్పకండి. ఇదిగో ఇది గుంట. ఇది గుంట. ఇదీ గుంటే."

"నీకు మతి..." అని కాగితాన్ని నా వైపు లాక్కోబోయి ఆగిపోయాను. తను బల్లకు అవతల ఉంది. తనకు కాగితం తలకిందులుగా కనిపిస్తోంది.

లేచి తన వైపు వెళ్ళి, తన భుజం మీదుగా చూశాను. నీడలన్నీ పైఅంచులకు వెళ్ళిపోయాయి. నలభై ఒక్క గుంటలు, సన్నటి గాళ్ళతో సహా, నా వేలికి తెలిసిన లోతుతో. నా వైపు నుంచి మళ్ళీ చూశాను. బొడిపెలు.

"ఏమైంది? దయ్యాన్ని చూసినట్టు చూస్తారేం?"

లోపలి గదిలోంచి రేకు పెట్టె తెచ్చాను. ఏడో ప్లేటు అసలు కాగితం తీశాను. కుడివైపు కింద ఆమె సంతకం. సంతకం సరిగ్గా కనిపించేలా పట్టుకుంటే గుంటలు. దగ్గర్నుంచి గీసిన ఎముక ముక్కకు పైనా కిందా అంటూ ఏముంటుంది? సంతకమే గుర్తు. ఆ సంతకాన్ని నేను కాగితం పట్టీతో కప్పి, ఏ వైపు ఏదో చూసుకోకుండా స్కానర్ మీద పడేశాను. ఆ రోజు నా కళ్ళు బొమ్మ మీద లేవు. అంచు మీదే ఉన్నాయి.

ఆమె ఎవరి కోసమూ ఏదీ తిరగెయ్యలేదు. తిరగేసింది నేను.

"ఇదేమిటి, అంచున ఏదో రాసింది?" అంటూ మరదలు కాగితాన్ని దీపం దగ్గర పెట్టుకుని పైకి చదివింది. అక్కాచెల్లెళ్ళ గొంతులు ఒకలాగే ఉంటాయి. నేను గోడకు ఆనుకుని విన్నాను.

"సార్, మీ పోట్లాట సిద్ధాంతానికి నా సానుభూతి. ఇవి బొడిపెలు కావు, గుంటలు. మావారు ఒక్కోదాన్నీ అడుగుదాకా తీశారు, అనుమానం లేదు. గాళ్ళు రక్తనాళాలవి. అంటే శిఖ మీద పలుచటి చర్మం, దాని నిండా రక్తం. అలాంటి తలతో ఎవరూ పోట్లాడరు. రంగు పొంగించి చూపించుకునే తల ఇది. మీరు రాగానే వాదిద్దాం."

తను కాగితం కింద పెట్టింది. "దీన్ని మీరు కప్పేశారా?"

తల ఊపాను.

"ఎందుకు బావగారూ?"

చెప్పాను. మెట్ల మీద నవ్వు దగ్గర్నుంచి చుక్కలమ్మ దాకా, అంతా. చెబుతుంటే ఎంత చిన్న సంగతులో తెలిసొచ్చింది. ముప్ఫై ఏళ్ళు అవే నాకు కొండంత.

నవ్వుతుందనుకున్నాను. ముందు నవ్వలేదు, తర్వాత నవ్వింది. "డెబ్బై దగ్గరపడ్డాయి ఇద్దరికీ. మీ ఇద్దరి తలలూ తవ్వి తీస్తే, ఇవి పోట్లాటకా షోకుకా అని రాబోయేవాళ్ళు జుట్టు పీక్కుంటారు." ఆగి, మెల్లగా అంది, "రేపు ఇది అచ్చయితే ఏమవుతుంది?"

"ఏమీ అవదు. ఆయన్ని మెచ్చుకుంటారు. ఎప్పటికో ఎవరో ఆ పెట్టె తెరిచి పుర్రెను చూస్తారు."

"చూసి?"

"బొమ్మ తప్పంటారు."

"ప్రొఫెసర్ తప్పనరా?"

"ఆయన బొమ్మను నమ్మాడు అంటారు. గీసినామెకు గుంటకూ బొడిపెకూ తేడా తెలియదంటారు."

మరదలు కాగితాన్ని నా వైపు జరిపింది. లేచి రెండు కప్పులూ కడిగి బోర్లించింది, సింకులో పొద్దుటి నా పళ్ళెం కూడా ఉంటే అదీ కడిగింది. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ, "అక్క ఒక్క చుక్క ఎక్కువైతే కాగితం చింపేసి మళ్ళీ మొదలుపెట్టేది" అంది. అంతే, వెళ్ళిపోయింది.

మర్నాడు నాలుగున్నరకు మ్యూజియం చేరాను. దారిలో ఒక ఉపాయం ఆలోచించుకున్నాను. ప్లేటు తలకిందులైందని మాత్రం చెప్పాలి. పట్టీల సంగతి, అంచు రాతల సంగతి చెప్పక్కర్లేదు. ఆమె పేరు నిలబడుతుంది, ఆమె ఉత్తరాలు నా పెట్టెలోనే ఉంటాయి. అయినా దేనికైనా మంచిదని, తొమ్మిది కాగితాలూ అట్టల మధ్య పెట్టి సంచిలో వేసుకున్నాను.

ప్రొఫెసర్ ప్రూఫుల కట్టకు దారం కడుతున్నారు.

"సార్, ఏడో ప్లేటు తలకిందులుగా పడింది. తిప్పి చూడండి. గుంటలు."

ఆయన తిప్పి చూశారు. మళ్ళీ తిప్పారు. మళ్ళీ. ముఖంలో రంగు కొంచెం తగ్గింది. "తిప్పితే ఏ బొమ్మయినా ఇలాగే మారుతుంది మాస్టారూ. ఇదే తలకిందులని ఎలా చెప్తారు?"

"నేను తీసిన గుంటలు సార్. నా వేళ్ళకు తెలుసు."

"మీ వేళ్ళంటే నాకు గౌరవమే. నాకైతే ఆ మాట చాలు." ఆయన కుర్చీలో కూర్చున్నారు. "పుస్తకానికి చాలదు. అరవై పేజీల అధ్యాయం. పంతొమ్మిదేళ్ళ తర్వాత ఒక మనిషి జ్ఞాపకాన్ని బట్టి మార్చాను అని రాయలేను కదా? ఎవరికీ చెప్పుకోలేని సాక్ష్యం అది. అసలు కాగితం మీద ఏమైనా గుర్తు ఉందా?"

గోడ గడియారం ఐదు దాటింది. ఆరింటికి ప్రెస్సు మనిషి. లేదు సార్, ఏ గుర్తూ లేదు, అనేస్తే అయిపోతుంది. నా వంతు చెప్పాను, ఆయన నమ్మలేదు అని ఇంటికి వెళ్ళిపోవచ్చు. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చిందని ఒప్పుకుంటున్నాను.

సంచిలోంచి అట్టలు తీశాను. ఏడో ప్లేటు ఆయన ముందు పెట్టాను, సంతకం కుడివైపు కింద ఉండేలా.

ఆయన ముందు బొమ్మను చూశారు. తర్వాత అంచును. కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని చదివారు. పెదవులు కదిలాయి. చదవడం అయ్యాక మళ్ళీ మొదటి నుంచి చదివారు.

"కాపీలో ఇది లేదు" అన్నారు.

"నేను కప్పేశాను."

"ఎందుకు?"

"అసూయ సార్."

ఆ మాట పైకి అనడానికి ముప్ఫై ఏళ్ళు పట్టింది, పలకడానికి ఒక్క క్షణం. ఆయనకు అర్థం కాలేదు. "ఎవరి మీద?" అని అడిగారు, నిజంగానే తెలియనట్టు. నేను ఆయన వంకే చూశాను. అప్పుడు ముఖం ఎర్రబడింది.

"ఇంకో గంట ఆగితే అబద్ధాన్ని అచ్చుకిచ్చేవాణ్ణి. నా పేరుతో, ఆమె పేరుతో. మీరు..." అని గొంతు పెంచి, మధ్యలోనే ఆపేశారు. దారం ముడి విప్పడం మొదలుపెట్టారు. ముడి రాలేదు. నేను సూదితో విప్పిచ్చాను, జేబులో ఎప్పుడూ ఒకటి ఉంటుంది.

దారం చుట్టి పక్కన పెడుతూ అన్నారు. "నా మీద అసూయా? ఆమె సాయంత్రం నాలుగు కాగానే పెన్ను కడిగేసుకునేది. నేనేదో గొప్ప సంగతి చెబుతుంటానా, వాక్యం సగంలో ఉంటానా, 'మావారు ఉలి ఆపేశారు, చప్పుడు లేదు, వెళ్ళొస్తా' అని కిందికి దిగిపోయేది. ఆ ఉలి చప్పుడంటే నాకెంత కోపమో మీకు తెలియదు. ఉన్నంతసేపూ చికాకు, ఆగితే అంతకంటే."

అది విని నా మంట చల్లారుతుందనుకున్నాను. ఎవరికైనా చల్లారాలి. కానీ ఆ సగం వాక్యాలన్నీ ఇప్పటికీ ఈయన దగ్గరే ఉన్నాయి కదా, నాకొక్కటీ తెలియదు కదా అనిపించింది. ఆయన కూడా అలాంటిదే ఏదో అనుకుంటున్నట్టుంది.

"ఇంట్లో ఏం మాట్లాడేది?" అని అడిగారు.

"పెద్దగా ఏమీ మాట్లాడేది కాదు సార్. పక్కన కూర్చునేది."

ఆయన తల ఊపి, కిటికీ వైపు చూశారు. అది నేను గొప్పకు చెప్పలేదు. చెప్పాక మాత్రం కొంచెం గొప్పగానే అనిపించింది, దాచడం ఎందుకు.

ఆరింటికి ప్రెస్సు మనిషి వచ్చాడు. ప్రొఫెసర్ అతన్ని గుమ్మంలోనే ఆపి, "రెండు నెలలు పడుతుందయ్యా. అధ్యాయం మళ్ళీ రాయాలి" అన్నారు.

"సార్, మెషీను ఖాళీ పెట్టుకుని కూర్చున్నాం!"

"తప్పు దొరికింది. అచ్చయ్యాక దొరికితే మీ మెషీను ఏం చేస్తుంది?"

అతను గొణుక్కుంటూ వెళ్ళాడు. ప్రొఫెసర్ కొత్త కాగితం తీసుకుని అధ్యాయానికి పేరు రాశారు. దాని కింద రచయిత పేరు రాయాల్సిన చోట నా భార్య పేరు రాశారు. అంకితం మొదట్లోంచి కొట్టేశారు. "రాసినామెకే అంకితమిస్తే బాగోదు" అన్నారు. అంత పెద్ద అధ్యాయాన్ని ఒక్క గీతతో ఆమెకు ఇచ్చేశాడే అని, ఆ ఉదారం మీద కూడా నాకు ఈర్ష్య కలిగింది. ఇవ్వడానికి నా దగ్గర ఏముంది?

ఆయన చెయ్యి నా అట్టల కట్ట మీద ఆగింది. "మిగతా వాటి మీద కూడా ఉన్నాయా?"

"ఇంకో ఎనిమిదిటి మీద."

"మీరు చదివారా?"

"లేదు. మీకు రాసినవి."

చదువుకునే కుర్రాడిలా అడిగారు. "ఈ రాత్రికి నా దగ్గర ఉంచుతారా? పొద్దున్నే తెచ్చిస్తాను. చెయ్యి తగలనివ్వను."

వద్దనాలనిపించింది. మనం కలిసి చదువుదాం, నేను పక్కనే కూర్చుంటాను, అని కూడా అనాలనిపించింది. అలా కూర్చుంటే ఏం చేస్తానో నాకు తెలుసు. ప్రతి మాటకూ ఆయన ముఖం వంక చూస్తాను.

"ఉంచుకోండి సార్" అన్నాను. అట్టలు విప్పి, ఎనిమిదీ ఒక్కొక్కటే బల్ల మీద పరిచాను, సంతకాలు అన్నీ కుడివైపు కింద ఉన్నాయో లేదో రెండుసార్లు చూసుకుని. దీపం ఆయన వైపు జరిపాను.

వాచ్‌మన్ కింద హాలు దీపాలు ఒక్కొక్కటే ఆర్పుతున్నాడు. "పైన ఎవరైనా ఉన్నారా, రాత్రికి మూసేస్తున్నాం" అని కేకేశాడు. ప్రొఫెసర్ వినిపించుకోలేదు. మొదటి కాగితం మీదికి వంగిపోయి ఉన్నారు. "ఉంటారు, తాళం ఆయన దగ్గరుంది" అని నేనే జవాబిచ్చాను.

గుమ్మం దాటుతుంటే వెనక నుంచి ఆయన గొంతు వినిపించింది. నాతో కాదు.

"కాదమ్మా, అదెలా కుదురుతుంది? ఈ పక్కనున్న గాడి చూడు మరి..."

ఒక్క క్షణం అక్కడే నిలబడ్డాను. ఆమె ఏమని జవాబు చెప్పేదో వినాలన్నట్టు. తర్వాత గడియ చప్పుడు కాకుండా చేత్తో పట్టుకుని, మెల్లగా తలుపు మూశాను.